వినే మనిషి ఒకరుంటే చాలు

(పెన్షనర్ల దినోత్సవ సభలో ఒక విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ దినం. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ అనేది ఎవరో దయతలచి వేసే భిక్ష కాదనీ, అది ఉద్యోగి హక్కు అనీ తీర్పు చెప్పింది. ఏటేటా ఈ వేదిక మీద నేను మాట్లాడేది కరవు భత్యం గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి, మెడికల్ బిల్లుల గురించి. ఈసారి కార్యదర్శి గారు ఇంటికి వచ్చి, "మానసిక ఆరోగ్యం మీద మీరు మాట్లాడాలండీ" అన్నారు. "నేను డాక్టర్ని కాను కదండీ" అన్నాను. "డాక్టరు గారి ఉపన్యాసం కిందటేడు విన్నాం. తలలూపాం, టిఫిన్ చేసి ఇళ్ళకు వెళ్ళిపోయాం. ఈసారి మనలో ఒకరు మాట్లాడితే బాగుంటుంది" అన్నారు.

ఆయన నన్నే ఎందుకు అడిగారో నాకు తెలుసు. కిందటేడాది ఒక సాయంత్రం సంఘం గదిలో ఆయనతో ఒక విషయం చెప్పుకున్నాను. అది ఈరోజు మీతోనూ చెబుతాను. అయితే ముందుగా, అది చెప్పుకునే ధైర్యం నాకు ఎవరి వల్ల వచ్చిందో, ఆ మహానుభావుడి సంగతి చెప్పాలి. ఆయన మన దేశం వాడు కాదు, మన కాలం వాడూ కాదు. పోయి వందేళ్ళు దాటింది. పేరు డబ్ల్యూ. హెచ్. ఆర్. రివర్స్. పూర్తి పేరు విలియం హాల్స్ రివర్స్ రివర్స్. ఇంటిపేరు రెండుసార్లు వస్తుంది, నా పొరపాటు కాదు. వైకుంఠపాళి నిచ్చెనలా మాటను ఎక్కి ఎక్కి పైకి వచ్చిన మనిషి ఆయన. ఎందుకో వినండి.

నత్తి ఉన్న వైద్యుడు

రివర్స్ 1864లో ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో పుట్టారు. తండ్రి చర్చిలో మతాచార్యుడు. దానితోపాటు నత్తి ఉన్నవాళ్ళకు మాట సరిచేసే వృత్తి కూడా ఆయనకు ఉండేది. 'ఆలిస్' కథలు రాసిన లూయీ కారల్ గారికి కూడా నత్తి ఉండేది, ఆయనా ఈ తండ్రి దగ్గరికే వచ్చేవారు. విచిత్రం ఏమిటంటే, ఊరందరి నత్తి సరిచేసిన ఆ తండ్రి సొంత కొడుకుకు మాత్రం జీవితాంతం నత్తి పోలేదు. మాట తడబడితే ఎంత సిగ్గుగా ఉంటుందో, చెప్పాలనుకున్నది గొంతులోనే ఆగిపోతే ఎలా ఉంటుందో ఆయనకు చిన్ననాటి నుంచీ తెలుసు. ఇతరులు మాట కోసం తడుముకుంటున్నప్పుడు తొందరపెట్టకుండా కూర్చునే ఓర్పు ఆయనకు అక్కడినుంచే వచ్చి ఉంటుందని నా నమ్మకం.

బడిలో చదువుతుండగా టైఫాయిడ్ జ్వరం వచ్చి కేంబ్రిడ్జి స్కాలర్‌షిప్ పరీక్ష తప్పిపోయింది. దాంతో లండనులో వైద్యం చదివి, 1886లో డాక్టరయ్యారు. కొంతకాలం ఓడ మీద వైద్యుడిగా పనిచేశారు. తర్వాత 1893లో కేంబ్రిడ్జిలోనే ఉపాధ్యాయుడయ్యారు. అంటే పరీక్ష రాయలేకపోయిన చోటికే పంతులుగా వెళ్ళారన్నమాట.

1898లో ఆస్ట్రేలియాకూ న్యూగినీకీ మధ్యనున్న టోరెస్ జలసంధి దీవులకు ఒక పరిశోధక బృందం వెళితే, దానిలో ఆయనా ఉన్నారు. అక్కడి వాళ్ళను కూర్చోబెట్టి, "మీ నాన్న ఎవరు, అమ్మ ఎవరు, వాళ్ళ అన్నదమ్ములెవరు, వాళ్ళలో బ్రతికున్నదెవరు, పోయిందెవరు" అని ఓపికగా అడిగి వంశవృక్షాలు రాసుకున్నారు. మనుషులను అర్థం చేసుకోవాలంటే ముందు వాళ్ళ బంధుత్వాలు తెలుసుకోవాలన్నది ఆయన పద్ధతి. మానవశాస్త్రం చదివేవాళ్ళు ఇప్పటికీ ఈ వంశవృక్ష పద్ధతిని నేర్చుకుంటారు.

తర్వాత 1901, 1902 సంవత్సరాలలో ఆయన మన దక్షిణాదికే వచ్చారు. నీలగిరి కొండల మీద గేదెలను పెంచుకుని బ్రతికే తోడా జనుల మధ్య నెలల తరబడి ఉన్నారు. అప్పట్లో మన కోస్తా జిల్లాలూ, సీమ జిల్లాలూ, ఆ నీలగిరులూ అన్నీ ఒకే మద్రాసు ప్రెసిడెన్సీ. తోడాలు వెయ్యిమంది కూడా లేరు. ఆ కొద్దిమంది ఇళ్ళలోని బంధుత్వాలనూ, వాళ్ళ పాడి గుడుల ఆచారాలనూ విని, 1906లో 'ది తోడాస్' అనే పెద్ద గ్రంథం ప్రచురించారు. రెవెన్యూ శాఖలో జమాబందీలు రాసిన నాకు ఆ పని ఎంత కష్టమో తెలుసు. మనం సర్వే నంబరు అడుగుతాం, ఆయన పేర్లు అడిగారు.

క్రెయిగ్‌లాకార్ట్ ఆస్పత్రి

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. కందకాలలో ఫిరంగి గుళ్ళ మధ్య నెలల తరబడి ఉన్న సిపాయిలలో కొందరికి ఒంటి మీద గాయం లేకపోయినా మాట పడిపోయేది, చేతులు వణికేవి, చూపు పోయేది, రాత్రిళ్ళు కేకలు వేసేవారు. దీనికి 'షెల్ షాక్' అనే పేరు 1915లో వైద్య పత్రికలోకి ఎక్కింది. ఆ వ్యాసం రాసిన చార్లెస్ మైయర్స్ అనే డాక్టరు మన రివర్స్ గారి శిష్యుడే, టోరెస్ దీవులకు వెంట వెళ్ళినవాడే.

ఆ రోజుల్లో వీళ్ళను పిరికివాళ్ళు అనేవారు. విధి నుంచి పారిపోయారనీ, పిరికితనం చూపారనీ బ్రిటిషు సైన్యం కాల్చి చంపిన వాళ్ళలో 306 మందికి 2006లో గాని అక్కడి పార్లమెంటు క్షమాభిక్ష ఇవ్వలేదు. తొంభై ఏళ్ళు పట్టింది. మన ఫైళ్ళే ఆలస్యం అనుకుంటాం! లండనులో ఒక పెద్ద ఆస్పత్రిలో యీలాండ్ అనే డాక్టరు, మాట పడిపోయిన సిపాయి గొంతుకు కరెంటు పెట్టి, "మాట్లాడితే గాని ఈ గదినుంచి బయటకు పోవు" అన్న పద్ధతిలో వైద్యం చేసి, 1918లో దాన్ని పుస్తకంగా కూడా వేశారు.

రివర్స్ గారి దారి వేరు. 1915లో లివర్‌పూల్ దగ్గర మాగల్ అనే చోట సిపాయిల ఆస్పత్రిలో చేరారు. 1916లో ఎడిన్‌బరోలోని క్రెయిగ్‌లాకార్ట్ ఆస్పత్రికి వచ్చారు. అది ఆఫీసర్ల కోసం పెట్టిన ఆస్పత్రి. అక్కడ ఆయన వద్ద యంత్రాలు లేవు. ఒక గది, రెండు కుర్చీలు, ఆయన ఓపిక. రోగి వచ్చి కూర్చుంటే సమాన గౌరవంతో మాట్లాడేవారు. పిరికితనం అనే మాట ఆయన నోట వచ్చేది కాదు. "భయపడటం, ఏడవటం మగతనానికి తక్కువేమీ కాదు, ఇంత చూసిన మనిషికి ఇలా కావడమే సహజం" అన్నది ఆయన ధోరణి.

అప్పట్లో డాక్టర్లూ, బంధువులూ అందరూ ఇచ్చే సలహా ఒక్కటే: "ఆ సంగతులు తలచుకోకు, మర్చిపో, మంచి దృశ్యాలు చూడు, పుస్తకాలు చదువుకో." రివర్స్ గారు దీన్ని కాదన్నారు. 1917 డిసెంబరులో లండనులో వైద్యుల సభలో ఆయన ఒక ప్రసంగం చేశారు. అది మరుసటి ఫిబ్రవరిలో 'లాన్సెట్' పత్రికలో వచ్చింది. మనసులోనుంచి బలవంతంగా తోసిపుచ్చిన జ్ఞాపకం పోదు, పగలు అణిగి ఉండి రాత్రి పడగ విప్పుతుంది అన్నది దాని సారాంశం.

అందులో ఆయన చెప్పిన ఒక ఉదంతం నన్ను బాగా కదిలించింది. ఒక యువ ఆఫీసరు తన ప్రాణస్నేహితుణ్ణి వెతుకుతూ వెళ్ళి, ఫిరంగి దెబ్బకు ముక్కలైన శరీరాన్ని చూశాడు. ఆనాటి నుంచి రాత్రి కళ్ళు మూస్తే అదే దృశ్యం. అందరూ మర్చిపొమ్మన్నారు. రివర్స్ గారు మాత్రం దానిగురించే మాట్లాడించారు. మాట్లాడించి ఒక్క మాట అన్నారు: "మీ మిత్రుడి శరీరం ఉన్న స్థితిని బట్టి చూస్తే ఆయన ప్రాణం తక్షణమే పోయి ఉంటుంది. చాలామంది పడ్డ దీర్ఘమైన బాధ ఆయనకు తప్పింది" అనే భావంతో. ఆ యువకుడి ముఖం తేటపడింది. తర్వాత కొన్ని రాత్రులు కల రాలేదు. మళ్ళీ వచ్చినప్పుడు ఆ కలలో అతను మిత్రుడి పక్కన మోకరిల్లి, ఆప్యాయంగా అతని వస్తువులు తీస్తున్నాడట. లేచినప్పుడు భయం లేదు, దుఃఖం ఉంది. భయం మనిషిని ఒంటరిని చేస్తుంది. దుఃఖం నలుగురితో పంచుకోదగ్గది.

రివర్స్ గారు గొప్పలు చెప్పుకునే మనిషి కాదు. అదే ప్రసంగంలో తన ఓటమి కూడా చెప్పారు. మరొక ఆఫీసరుకు ఎదురైన అనుభవం ఎంత బీభత్సమైనదంటే, దానిలో ఊరటనిచ్చే అంశం ఒక్కటైనా దొరకలేదు. అతనికి సైన్యం వదిలి, ఇంతకు ముందు కాస్త నెమ్మది దొరికిన పల్లెపట్టుకు వెళ్ళిపొమ్మనే సలహా ఇచ్చారు. అంటే మాట్లాడించడం సర్వరోగ నివారిణి కాదు. రోజంతా ఆ జ్ఞాపకాన్నే పట్టుకు వేలాడమని కూడా ఆయన అనలేదు. తోసివేయటం ఒక అతి, అందులోనే మునిగిపోవటం ఇంకో అతి.

వైద్యుడూ మారాడు

1917 జులైలో ఆ ఆస్పత్రికి సీగ్‌ఫ్రీడ్ ససూన్ అనే కవి వచ్చారు. ధైర్యానికి మిలిటరీ క్రాస్ పతకం పొందిన ఆఫీసరు. "ఈ యుద్ధాన్ని కావాలని పొడిగిస్తున్నారు, నేను ఇక పోరాడను" అని బహిరంగ ప్రకటన చేశారు. కోర్టు మార్షల్ కావలసిన మనిషిని మిత్రులు, అధికారులు కలిసి రోగి అని తేల్చి ఆస్పత్రికి పంపారు. రివర్స్ గారు ఆయనతో వారానికి మూడు సాయంత్రాలు కూర్చుని మాట్లాడేవారు. తండ్రిని చిన్నతనంలోనే పోగొట్టుకున్న ససూన్‌కు ఈయన తండ్రిలా తోచారు.

కాని ఇక్కడ ఒక ధర్మసంకటం ఉంది. రివర్స్ గారు సైన్యంలో డాక్టరు. నయం చేయడమంటే మళ్ళీ యుద్ధానికి పంపడమే. నిజానికి ససూన్ మనసు చెడలేదు, ఆయన అడిగేది న్యాయమైన ప్రశ్న. ఈ మాటలు వింటూ వింటూ రివర్స్ గారి మనసులోనే యుద్ధం మీద అనుమానం మొదలైంది. ఆ సంఘర్షణ తన కలలోకి ఎలా వచ్చిందో ఆయనే రాసుకున్నారు. ఆయన మరణానంతరం 1923లో వచ్చిన కలల పుస్తకంలో అది ఉంది. రోగి చెప్పేది నిజంగా వినే వైద్యుడు తానూ మారకుండా ఉండలేడు. గోడతో చెప్పుకుంటే గోడ మారదు, మనిషితో చెప్పుకుంటే మనిషి మారతాడు. తేడా అక్కడే ఉంది.

ససూన్ తన సిపాయిలను వదిలి ఉండలేక తిరిగి వెళ్ళారు. 1918లో తలకు గుండు తగిలినా బ్రతికారు. రివర్స్ గారు లండను ఆస్పత్రికి వచ్చి చూసి వెళ్ళారు. 1936లో రాసిన పుస్తకంలో ససూన్ మిగతా వాళ్ళ పేర్లు మార్చినా రివర్స్ గారిని మాత్రం అసలు పేరుతోనే రాశారు. రివర్స్ గారు 1922 జూన్ 4న హెర్నియాలో పేగు చిక్కుకుని, హఠాత్తుగా కేంబ్రిడ్జిలో కన్నుమూశారు. అప్పటికి యాభై ఎనిమిదేళ్ళు. మన పాత రిటైర్మెంటు వయసు.

ఆయన పద్ధతికి విమర్శలూ ఉన్నాయి. ఆ మర్యాద, ఆ సాయంత్రపు సంభాషణ ఆఫీసర్లకే దక్కింది, సామాన్య సిపాయికి చాలా చోట్ల కరెంటే దక్కింది. ఆ యుద్ధానికి మన దేశం నుంచి పది లక్షల మందికి పైగా సముద్రాలు దాటి వెళ్ళారు. పశ్చిమ గోదావరిలో మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారు, అక్కడినుంచీ వెళ్ళారు. తిరిగి వచ్చిన వాళ్ళ పక్కన కుర్చీ వేసుకుని ఎవరు కూర్చున్నారు?

నా సంగతి

ఇక నా మాటకు వస్తాను.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన. ఇక్కడున్న చాలామందికి ఆ తేదీ చెబితే చాలు. అధికారిక లెక్కల ప్రకారమే సుమారు పదివేల మంది పోయారు. అంతకంటె ఎక్కువే అని అక్కడివాళ్ళంటారు. అప్పుడు నాకు ఇరవైమూడేళ్ళు. జిల్లాలోనే మరో తాలూకాలో గుమాస్తాని. సహాయ కార్యక్రమాలకు డెప్యుటేషన్ మీద పంపారు. మృతుల జాబితాలు రాయడం, బియ్యం, బట్టలు పంచినదానికి లెక్క రాయడం నా పని. ఏం చూశానో వర్ణించను. పెద్దలున్నారు, పిల్లలున్నారు. చూసినవాళ్ళకు తెలుసు.

ఒక ముసలాయన ఉండేవాడు. మొదటిరోజు వచ్చి తన ఇంట్లో పోయినవాళ్ళ పేర్లు రాయించాడు. ఏడుగురు. భార్య, ఇద్దరు కొడుకులు, కోడలు, ముగ్గురు మనవలు. రెండోరోజు మళ్ళీ వచ్చాడు. "తాతా, నిన్ననే రాశాను కదా" అన్నాను. "రాయటానికి కాదు బాబుగారూ, ఒకసారి చదివి వినిపించండి" అన్నాడు. చదివాను. కళ్ళు మూసుకుని విని వెళ్ళాడు. మూడోరోజూ వచ్చాడు, చదివాను. నాలుగోరోజు క్యూ చాలా పెద్దది. నిద్ర లేక మూడు రాత్రులైంది. "రోజూ నీ పేర్లు చదవడానికేనా నేనిక్కడ కూర్చున్నది? వెనక ఎంతమంది ఉన్నారో చూడు" అని కసిరాను. ఆయన ఏమీ అనలేదు. నా బల్లకు దణ్ణం పెట్టి పక్కకు తప్పుకున్నాడు. తర్వాత మళ్ళీ రాలేదు. నేను వెతికాను. ఎటు వెళ్ళాడో, ఏమయ్యాడో తెలియలేదు.

ఇంతే. ఫైల్లో చూస్తే నా తప్పు ఏమీ లేదు. జాబితా సరిగ్గా రాశాను. మెమో రాలేదు, పైగా మంచిగా పనిచేశానని ఆఫీసులో అన్నారు. కాని ఆ ఏడు పేర్లు నన్ను వదల్లేదు.

ఇంటికి వచ్చేసరికి నా భార్య కడుపుతో ఉంది. మా అత్తగారు నన్ను పక్కకు పిలిచి, "బాబూ, పిల్ల ముందు ఆ చావు కబుర్లు చెప్పకు" అన్నారు. ఆమె అన్నదాంట్లో తప్పులేదు. ఆమె బిడ్డ క్షేమం ఆమె చూసుకుంది. ఆఫీసులో పెద్దగుమాస్తా గారు, "మనసులో పెట్టుకోకోయ్, తిరుపతి వెళ్ళిరా" అన్నారు. వెళ్ళాను. స్వామి దర్శనం బాగా అయింది. కాని గాలి వీస్తే నిద్ర పట్టేది కాదు. నవంబరు వచ్చిందంటే దీపం ఆర్పనిచ్చేవాణ్ణి కాదు. ఇంట్లో ఎవరైనా చెప్పిన మాటే రెండోసారి చెబితే కసిరేవాణ్ణి. కసిరి, తర్వాత వెళ్ళి పెరట్లో కూర్చునేవాణ్ణి. మా ఆవిడ పిల్లలతో, "నాన్నగారికి గాలివాన పడదు, అల్లరి చేయకండి" అని సరిపెట్టేది. నలభై ఏళ్ళకు పైగా ఆమె అలా సరిపెట్టింది. ఏమిటని అడగలేదు. అడగకూడదనుకుంది. నేను చెప్పలేదు. చెప్పకూడదనుకున్నాను. ఒకే ఇంట్లో, ఒకే కంచంలాంటి బ్రతుకులో, మధ్యలో ఒక గది తాళం వేసి ఉంది.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు విశాఖలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. కిటికీ అద్దాలు పగిలాయి. పన్నెండేళ్ళ మా మనవరాలి చెయ్యి పట్టుకుని ఒక మూల కూర్చున్నాను. గాలి తగ్గేదాకా వదల్లేదట. ఆ పిల్ల ఆ సంగతి మర్చిపోలేదు. పెద్దదై సైకాలజీలో ఎం.ఏ. చదువుతూ, ఒక సెలవుల్లో వచ్చి అడిగింది: "తాతయ్యా, ఆరోజు నువ్వు నా చెయ్యి పట్టుకుని ఏవో పేర్లు చెబుతూనే ఉన్నావు. మళ్ళీ మళ్ళీ అవే పేర్లు. ఎవరు తాతయ్యా వాళ్ళు?"

నేను పేర్లు బయటకు పలుకుతున్నానని నాకే తెలియదు!

"ఏదో లేమ్మా" అన్నాను. అది బలవంతపెట్టలేదు. "చెప్పాలనిపించినప్పుడే చెప్పు తాతయ్యా" అని, తన పాఠాలలో చదివిన ఈ రివర్స్ గారి కథ చెప్పింది. కథ విన్న మూడోరోజు రాత్రి, మా ఆవిడ కూడా కూర్చుని ఉండగా, చెప్పాను. గంట పట్టింది. మా ఆవిడ ఏడవలేదు. లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, "ఇన్నేళ్ళూ నామీద కోపమనుకున్నానండీ" అంది. ఆ మాట నన్ను ముసలాయన దణ్ణం కంటె ఎక్కువ బాధించింది. నేను ఆమెకు దుఃఖం తప్పించాననుకున్నాను. నిజానికి దుఃఖం తప్పలేదు, దాని కారణం మాత్రం తెలియకుండా చేశాను.

తర్వాత మనవరాలే ఒక మానసిక వైద్యుల దగ్గరకు తీసుకువెళ్ళింది. కొన్ని నెలలు వెళ్ళాను. సిగ్గుపడవలసింది ఏమీ కనబడలేదు. కంటి శుక్లాలకు వెళ్ళలేదా, ఇదీ అంతే.

ఇప్పటి శాస్త్రం ఏమంటోంది?

ఇలాంటి మనోగాయాన్ని అమెరికా మానసిక వైద్యులు 1980లో ఒక ప్రత్యేక వ్యాధిగా గుర్తించి 'పీటీఎస్‌డీ' అని పేరు పెట్టారు. వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన సిపాయిల పోరాటం దానికి ముఖ్య కారణం. అంటే వాళ్ళూ మనలాగే సంఘం పెట్టుకుని సాధించుకున్నారు. 1992లో జూడిత్ హెర్మన్ అనే వైద్యురాలు 'ట్రామా అండ్ రికవరీ' అనే పుస్తకం రాశారు. యుద్ధంలో దెబ్బతిన్న సిపాయికీ, ఇంట్లో హింస అనుభవించిన స్త్రీకీ తగిలే గాయం ఒకే తీరుదని ఆమె చూపారు. కోలుకోవడానికి మూడు దశలు చెప్పారు. మొదటిది, 'ఇక్కడ నాకు భయం లేదు' అనే భద్రత. రెండవది, జరిగింది చెప్పుకుని దుఃఖించడం. మూడవది, తిరిగి మనుషులలో కలవడం. ఇదంతా మనుషుల మధ్య, నమ్మకం ఉన్నచోట జరగవలసిందే తప్ప ఒంటరిగా జరిగేది కాదన్నది ఆమె ముఖ్యమైన మాట.

వరుస గమనించండి. భద్రత ముందు, మాట తర్వాత. ప్రమాదం జరిగిన వెంటనే మనిషిని పట్టుకుని "చెప్పు, అంతా చెప్పు" అని బలవంతం చేయడం మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. అన్నం, నీళ్ళు, నీడ, అయినవాళ్ళ ఆచూకీ ముందు చూడాలి. చెప్పాలనుకుంటే వినాలి.

ఇంట్లో మనం చేయగలిగింది

వైద్యం డాక్టర్లది. వినడం మనందరిది. నాకు తెలిసినంతలో కొన్ని మాటలు:

ఒకటి. ఎవరైనా పాత బాధ చెబుతుంటే "ఇంకా అదేనా, మర్చిపో" అనకండి. నేను ముసలాయనతో అన్నది అదే.

రెండు. "మాకూ అంతకంటె పెద్ద కష్టం వచ్చింది" అని పోటీ పడకండి. మన పెన్షనర్లకు ఈ అలవాటు కొంచెం ఎక్కువ.

మూడు. బలవంతంగా చెప్పించకండి. తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోండి, తలుపు విరగ్గొట్టకండి.

నాలుగు. విన్నది మీ దగ్గరే ఉంచండి. రేపు వాకింగ్‌లో పదిమందికీ చెబితే ఆ మనిషి మళ్ళీ నోరు విప్పడు.

ఐదు. నిద్ర పట్టక, తిండి మానేసి, తాగుడులో పడి, చచ్చిపోవాలనే మాట అంటున్నవాళ్ళను మాటలతోనే సరిపెట్టకండి. డాక్టరుకు చూపించండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ ఉంది. 14416 నంబరుకు ఫోను చేస్తే రాత్రి పగలు ఎప్పుడైనా ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనూ మాట్లాడతారు. ఈ నంబరు లైఫ్ సర్టిఫికెట్ జిరాక్సు మీద రాసి పెట్టుకోండి.

వయసు మళ్ళాక ఇక లాభమేమిటని అనుకోవద్దు. నాకు అరవై ఎనిమిది దాటాక మేలు జరిగింది. పోలీసు శాఖలో, వైద్య శాఖలో, విద్యుత్ శాఖలో, రైల్వేలో, ఆర్టీసీలో పనిచేసినవాళ్ళు ఇక్కడ ఉన్నారు. డ్యూటీలో మీరు చూసినవి మీ సర్వీసు రిజిస్టరులో లేవు. మా ఆవిడలాగా అడగకుండా సరిపెట్టిన ఇల్లాళ్ళు ఈ సభలో ఎందరున్నారో! వాళ్ళ సర్వీసుకు అసలు రిజిస్టరే లేదు.

అందుచేత కార్యవర్గానికి నా విన్నపం ఒకటి. ప్రతి శనివారం సాయంత్రం ఒక గంట సంఘం గదిని దీనికోసం తెరిచి ఉంచండి. మినిట్స్ వద్దు, తీర్మానాలు వద్దు, చందా వద్దు. రెండు కుర్చీలు చాలు. మొదటి నెల ఒక కుర్చీలో నేను కూర్చుంటాను. ఎవరూ రాకపోతే పేపరు చదువుకుని ఇంటికి వెళతాను.

చివరిగా ఒక్క మాట. ఇప్పుడు ప్రతి నవంబరు 19న ఉదయం మేమిద్దరం వరండాలో కూర్చుంటాం. నేను ఆ ఏడు పేర్లూ చదువుతాను. మా ఆవిడ వింటుంది. ఆ పేర్లు నావి కావు కనుక ఈ సభలో చెప్పను. గాలి వీస్తే ఇప్పటికీ మెలకువ వస్తుంది. కాని దీపం ఆర్పుకుని పడుకోగలుగుతున్నాను.